మేఘమథనం: వర్షచ్ఛాయ సీమలో తెగని లెక్క

మూడు ప్రశ్నల ముడి

బళ్లారి నగరంలోని బ్రూస్‌పేట, కౌల్‌బజారు వంటి పాత పేటల్లో తెలుగు, కన్నడం రెండూ వాడుక భాషలే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకీ, బళ్లారి మైసూరులోకీ పోయినప్పుడు ఏర్పడిన సరిహద్దుకు ఇటూ అటూ వీచే గాలి ఒకటే, దాటిపోయే మేఘం ఒకటే, ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 500 నుంచి 550 మిల్లీమీటర్లే. 1876–78 నాటి మహాక్షామంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. రుతుపవనాలను ముందుగా అంచనా కట్టే పనికి భారత వాతావరణ శాఖ పూనుకున్నది ఆ క్షామం తరువాతనే. వాన వచ్చేదీ రానిదీ చెప్పడంతో తృప్తి పడక, దాటిపోయే మేఘం చేత వాన కురిపించవచ్చునా అన్న ఆలోచన 20వ శతాబ్దం నడుమ పుట్టింది. రసాయనపు పొడిని గాని పొగను గాని మేఘంలోకి వదిలి వానను త్వరపెట్టే ఆ ప్రక్రియనే తెలుగు పత్రికలు మేఘమథనం అంటున్నాయి.

2003 నుంచి కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కరువు సంవత్సరాల్లో విమానాలను అద్దెకు తెచ్చి ఈ పని చేయించాయి. ఫలించిందని ప్రభుత్వాలు చెప్పుకున్నాయి, డబ్బు నీళ్లపాలయిందని ప్రతిపక్షాలు అన్నాయి, శాస్త్రజ్ఞులు రెండు మాటలకూ పూర్తిగా తలూపలేదు. వాదం ఇంతగా చిక్కుపడడానికి ప్రధాన కారణం మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోవడం. ఒక మేఘంలోని సూక్ష్మ ప్రక్రియను మనిషి మార్చగలడా అన్నది మొదటిది. అలా మార్చినందువల్ల ఒక ప్రాంతంలో నేలమీద పడే వాన కొలవదగినంతగా పెరుగుతుందా అన్నది రెండవది. ఆ పెరుగుదల కరువును తీర్చేంతటిదా, పెట్టిన ఖర్చుకు తగినదా అన్నది మూడవది. మొదటిదానికి భౌతికశాస్త్రం, రెండవదానికి గణాంకశాస్త్రం, మూడవదానికి అర్థశాస్త్రం జవాబు చెప్పాలి. మొదటి ప్రశ్నకు దొరికిన అవునన్న జవాబును మూడవ ప్రశ్నకు వాడుకోవడం ఈ వాదంలో తరచుగా జరిగే పొరపాటు.

ఈ సీమకు వాన తక్కువ ఎందుకు

నైరుతి రుతుపవన గాలి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు చల్లబడి, తేమలో పెద్ద భాగాన్ని అక్కడే వదిలేస్తుంది. ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన బళ్లారికి వచ్చేసరికి దానిలో పన్నెండో వంతు కూడా ఉండదు. కనుమలు దాటి దిగే గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది కాబట్టి, మిగిలిన తేమ మేఘంగా కట్టినా ఆ మేఘం పలచగా, ఎత్తు తక్కువగా ఉంటుంది. కొండకు గాలి తగలని వైపున ఇలా ఏర్పడే పొడి ప్రాంతాన్ని వర్షచ్ఛాయ అంటారు.

కొండ ఒక్కటే కారణం కాదు. భూమికి సుమారు 1.5 కిలోమీటర్ల ఎత్తున ద్వీపకల్పాన్ని దాటే పడమటి గాలి ప్రవాహాన్ని పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ 1966లో వర్ణించారు. దానికి చాలా పైన, 14–15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు పరుగెత్తే మరో ప్రవాహాన్ని తెలుగువాడైన పి. కోటేశ్వరం 1950లలో గుర్తించి 1958లో సవిస్తరంగా ప్రకటించాడు. ఉష్ణమండలపు తూర్పు జెట్ ప్రవాహం అన్న పేరుతో ప్రపంచ పాఠ్యగ్రంథాలలో అది చోటు చేసుకున్నది. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి బలంగా వీచే జూలై నెలలో నిలువుగా ఎదగబోయే మేఘం నడుమనే వాలిపోయి చెదిరిపోతుంది. ఆకాశం నిండా మబ్బులుండి నేల తడవని ఆషాఢ శ్రావణాలు ఈ సీమ రైతుకు కొత్త కాదు. గాలులు నెమ్మదించే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఇక్కడ ఎక్కువ వాన పడుతుంది. ఈ సంగతి మేఘమథన వాదానికి చాలా ముఖ్యం: పంటకు నీరు అత్యవసరమైన నెలల్లో మథనానికి పనికివచ్చే మేఘాలు అరుదు, పనికివచ్చే మేఘాలు దండిగా ఉండే నెలల్లో వాన తనంతట తానే పడే అవకాశం ఎక్కువ.

దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమన్న మాట వ్యాసాల్లోనూ ఉపన్యాసాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. లేహ్, బాడ్మేరు, బికనేరు జిల్లాల లెక్కలు చూసినవారెవరూ ఆ మాట అనరు. ఈ సీమ అసలు కష్టం మొత్తం వానలో కంటే దాని పంపకంలోనూ, ఆవిరిలోనూ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు వి.పి. సుబ్రహ్మణ్యం 1956లోనే భారతదేశానికంతటికీ నీటి సంతులనాన్ని లెక్కగట్టాడు. వచ్చిన వాన ఎంత, నేలా మొక్కా కలిసి ఆవిరి చేయగల నీరెంత అన్నవాటిని ఎదురెదురుగా నిలిపి, లోటు ఏ నెలలో ఎంతో చూపించే పద్ధతి అది. ఆ పద్ధతిలో చూస్తే బళ్లారి, అనంతపురాల్లో ఆవిరి కాగల నీరు వచ్చే వానకు మూడింతలకు పైగా ఉంటుంది. ఇంత పెద్ద లోటు ముందు వానను పదో పరకో శాతం పెంచడం అంటే ఏమిటో ముందుగా మనసులో పెట్టుకోవాలి.

మేఘం వానగా మారే తీరు

మేఘంలోని నీటి బిందువు వ్యాసార్ధం సుమారు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. నేల మీద పడే మోస్తరు చినుకు వ్యాసార్ధం ఒక మిల్లీమీటరు. ఒక్క చినుకు కట్టాలంటే పది లక్షల బిందువులు కలవాలి. ఇది రెండు మార్గాల్లో జరుగుతుంది. మేఘమంతా సున్నా డిగ్రీలకు పైనే ఉంటే, పెద్ద బిందువులు కిందికి జారుతూ చిన్నవాటిని గుద్దుకుని తమలో కలుపుకుంటాయి. ఇటువంటి దానిని వెచ్చని మేఘం అంటారు. మేఘశిఖరం సున్నా డిగ్రీల మట్టాన్ని దాటి పైకి పోతే, అక్కడ గడ్డకట్టకుండానే మిగిలిన అధిశీతల జలం మధ్య మంచు స్ఫటికాలు పుట్టి, చుట్టూ ఉన్న ఆవిరిని లాక్కుని వేగంగా పెరిగి, కిందికి దిగుతూ కరిగి చినుకులవుతాయి. రుతుపవన కాలంలో ద్వీపకల్పంపై ఆ సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది.

మథనంలోని రెండు పద్ధతులూ ఈ రెండు మార్గాలను అనుసరించినవే. చల్లని మేఘంలో సిల్వర్ అయొడైడు పొగ వదిలితే, దాని స్ఫటిక నిర్మాణం మంచును పోలి ఉన్నందున, మైనస్ 5 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట అధిశీతల జలం దానిపై గడ్డకడుతుంది. వెచ్చని మేఘంలో ఉప్పు పొడిని గాని, కాల్షియం క్లోరైడు కూర్చిన గొట్టాలను కాల్చగా వచ్చే పొగను గాని మేఘం అడుగున వదిలితే, తేమను పీల్చుకునే ఆ కణాలపై కొన్ని పెద్ద బిందువులు ముందుగా తయారై గుద్దుకునే పనిని మొదలుపెడతాయి.

ఇక్కడ గాలిలోని ధూళి ప్రసక్తి వస్తుంది. సముద్రం మీది గాలిలో మేఘబీజాలు, అంటే ఆవిరి చుట్టుకునే సూక్ష్మ కణాలు, తక్కువ. అందువల్ల బిందువులు తక్కువగా, పెద్దవిగా ఉండి వాన త్వరగా మొదలవుతుంది. నేల మీది గాలిలో పొగ, ధూళి ఎక్కువ కాబట్టి ఉన్న నీరే అసంఖ్యాకమైన చిన్న బిందువులుగా పంచుకుపోయి, అవి ఒకదానినొకటి గుద్దుకునేంత పెద్దవి కావు. బిందువుల సగటు వ్యాసార్ధం సుమారు 14 మైక్రాన్లకు చేరినప్పుడే వాన మొదలవుతుందన్నది పరిశోధకులు ఎక్కువగా వాడే గుర్తు. సండూరు కొండల ఇనుప గనులు, తోరణగల్లు ఉక్కు కొలిమి, ఎండిన నల్లరేగడి నుంచి లేచే దుమ్ము, ఇవన్నీ ఒకే ఆకాశంలో కలిసే బళ్లారి చుట్టుపక్కల మేఘబీజాల సంఖ్య, స్వభావం ఋతువు వెంట ఋతువు ఎలా మారుతాయన్నది తెలియకుండా ఏ ఉప్పు ఎంత చల్లాలో నిర్ణయించడం కొలత తీసుకోకుండా చొక్కా కుట్టడం వంటిదే.

ఏడు దశాబ్దాల దారి

1946లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ పొడి మంచుతోనూ, బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడుతోనూ అధిశీతల మేఘాన్ని మంచు స్ఫటికాలుగా మార్చి చూపించారు. అయిదేళ్లు తిరగకుండానే, 1951లో, టాటా సంస్థ పడమటి కనుమల్లో నేలమీది నుంచి సిల్వర్ అయొడైడు పొగను వదిలి చూసింది. 1957 నుంచి 1966 వరకు ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ ప్రాంతాల్లో ఉప్పు పొడిని నేలమీది నుంచి గాలిలోకి ఎగజిమ్మిన ప్రయోగాల ఫలితాలను బి.హెచ్.వి. రమణమూర్తి, బిశ్వాస్ 1968లో ప్రకటిస్తూ దాదాపు 20 శాతం వాన పెరిగినట్లు తేల్చారు. తరువాత ఈ పని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ చేతికి వచ్చింది.

ఆ సంస్థ బారామతి ప్రాంతంలో 1973 నుంచి 1986 మధ్య పదకొండు రుతుపవన ఋతువులలో చేసిన ప్రయోగం ఈ చరిత్రలో అన్నింటికంటె శ్రద్ధగా చదవదగినది. బారామతి కూడా బళ్లారి వలెనే వర్షచ్ఛాయలోని ఊరు. ప్రయోగస్థలాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ ఖండాలుగా విభజించి, మధ్య ఖండాన్ని తాకకుండా విడిచిపెట్టి, ఏ రోజున ఉత్తరంలో చల్లాలో ఏ రోజున దక్షిణంలో చల్లాలో చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఎ.ఎస్.ఆర్. మూర్తి బృందం 2000లో ప్రకటించిన తుది లెక్క ప్రకారం ఒక కిలోమీటరుకు మించిన మందమూ, ఘనమీటరుకు అర గ్రాముకు మించిన నీరూ ఉన్న మేఘాల్లో వాన 24 శాతం పెరిగింది. చల్లినందువల్ల ఏ మార్పూ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించడానికి అవకాశం 4 శాతం. అయితే అదే పత్రంలోని రెండవ సగాన్ని ఉదహరించేవారు తక్కువ: అంతకంటె పలచని, నీరు తక్కువైన మేఘాలపై ఉప్పు చల్లినప్పుడు అవి కురవడం మాని కరిగిపోయే ధోరణి చూపాయి. జూలైలో బళ్లారి మీదుగా పోయే మేఘాల్లో ఎక్కువ భాగం ఏ కోవకు చెందుతాయో ఊహించడం కష్టం కాదు.

2003లో కర్ణాటక ప్రభుత్వం వరుణ పేరుతో పెద్ద ఎత్తున మేఘమథనం చేపట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఆ దశాబ్దంలోనే అనంతపురం తదితర కరువు జిల్లాలపై కొన్నేళ్ల పాటు విమానాలు ఎగిరించింది. హైదరాబాద్‌లోని జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం దాని సాంకేతిక పర్యవేక్షణలో పాలుపంచుకున్నది. 2017లో కర్ణాటక వర్షధారి పేరుతో మళ్లీ మొదలుపెట్టి, దాదాపు 28 శాతం అధిక వర్షం కురిసినట్లు మదింపులో చెప్పుకున్నది. ఈ కార్యక్రమాలన్నీ కరువు నివారణకు చేపట్టిన పనులే గాని, చల్లినవీ చల్లనివీ చీటీ వేసి పోల్చేందుకు రూపొందించిన ప్రయోగాలు కావు.

ప్రయోగంగా రూపొందినవి కైపీక్స్ అన్న పొట్టి పేరుతో పుణె సంస్థ 2009లో మొదలుపెట్టిన విడతలు. 2010, 2011లలో హైదరాబాద్ కేంద్రంగా విమానాలు ఎగిరాయి, 2011లో మహబూబ్‌నగర్‌లో నేలమీది పరికరాలు నిలిపారు. అయితే తీర్పు చెప్పడానికి చాలినన్ని మేఘాలు ఆ విడతలో దొరకలేదు. 2018, 2019లలో సోలాపూర్‌లో జరిగిన నాలుగవ విడత ఆ లోటును పూరించింది. 276 మేఘాలను ఎంచుకుని, వాటిలో కొన్నింటిపై యాదృచ్ఛికంగా కాల్షియం క్లోరైడు పొగ వదిలి, రాడారుతోనూ వర్షమాపకాలతోనూ కొలవగా, చల్లిన చోటికి గాలివాలుగా ఉన్న 100 చదరపు కిలోమీటర్లలో సగటున 18 శాతం వాన పెరిగినట్లు 2023లో ప్రకటించారు. బళ్లారికి వాయవ్యంగా, అదే వర్షచ్ఛాయలో ఉన్న సోలాపూర్ ఫలితమే ఇప్పటికి ఈ సీమకు అన్నింటికంటె దగ్గరి సాక్ష్యం.

పక్షాలు

మొదటిది ఆచరణవాదుల పక్షం. విశాఖపట్నంలో పర్యావరణ శాస్త్రాచార్యుడిగా పేరు పొందిన టి. శివాజీరావు వంటివారు మేఘమథనాన్ని కరువు నివారణకు శాశ్వత కార్యక్రమంగా చేపట్టాలని పట్టుబట్టారు. చైనా, అమెరికా రాష్ట్రాలు దశాబ్దాలుగా చేస్తున్నాయి గదా, సంపూర్ణ నిరూపణ కోసం కూర్చుంటే రైతు పంట ఎండుతుంది గదా అన్నది వీరి వాదంలోని బలం. ఇతర దేశాలు చేస్తున్నాయన్నది పని జరుగుతున్నదనడానికే సాక్ష్యం, ఫలిస్తున్నదనడానికి కాదు అన్నది అందులోని బలహీనత.

రెండవది సంశయవాదుల పక్షం. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2003 నివేదిక, ఉద్దేశపూర్వక వాతావరణ మార్పు ఫలిస్తుందనడానికి నమ్మదగిన శాస్త్రీయ నిరూపణ ఇంకా లేదన్నది. వీరికి పెద్ద ఆధారం ఇజ్రాయెల్ కథ. 1960, 70 దశకాల్లో అక్కడ జరిగిన ప్రయోగాలు వాన పెరిగినట్లు చూపి ప్రపంచానికంతటికీ ఆదర్శమయ్యాయి. 1995లో రాంగ్నో, హాబ్స్ ఆ లెక్కలను తిరగదోడి సందేహాలు లేవనెత్తారు. 2013 నుంచి 2020 వరకు కట్టుదిట్టంగా సాగిన నాలుగవ ప్రయోగంలో పెరుగుదల 1.8 శాతమే తేలింది, అదీ గణాంకపరంగా లెక్కకు రానిది. ఒక దేశం తాను అర్ధ శతాబ్దం నమ్మిన దానిని తానే పరీక్షకు పెట్టి ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం మెచ్చదగినది.

మూడవ పక్షం నడిమి దారిది. ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు, పుణె శాస్త్రజ్ఞులు ఇందులోకి వస్తారు. ఆ నిపుణుల 2018 సమీక్ష ప్రకారం ఫలితం సున్నా నుంచి సుమారు 20 శాతం దాకా, చోటును బట్టి, మేఘాన్ని బట్టి మారుతుంది. 2017లో అమెరికాలోని ఐడహో కొండలపై చల్లని మేఘాల్లో సిల్వర్ అయొడైడు వదిలినప్పుడు, విమానం తిరిగిన బాటనే అనుసరిస్తూ మంచు పుట్టడం రాడారులో గీతల్లా కనిపించింది. దానితో మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్లే. కాని అది శీతాకాలపు కొండ మేఘం. రాయలసీమ మేఘానికి దానిని సాక్ష్యంగా చూపడం తగదు.

నాలుగవ పక్షం మేఘాన్ని వదిలి నేలను చూడమంటుంది. ఈ ఆలోచనకు బళ్లారి పాత చిరునామా. 1930లలో దేశంలో నెలకొల్పిన తొలి మెట్టసేద్య పరిశోధన కేంద్రాల్లో సోలాపూర్, బిజాపూర్, రాయచూరులతో పాటు బళ్లారి దగ్గరి హగరి ఒకటి. 1954 నుంచి బళ్లారిలోనే నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం పనిచేస్తున్నది. పడిన వానను వాలుకు అడ్డంగా కట్టలు వేసి నిలపడం, పంటకుంటల్లో పట్టడం, వానకు తగిన పైరు వేయడం చవకైనవి, ఫలితం తెలిసినవి అన్నది వీరి మాట. వాన అసలే పడని ఏడు కుంట కూడా ఎండుతుందన్న ఎదురు మాటకు వీరి దగ్గర పూర్తి జవాబు లేదు. మేఘం లేని ఏడు విమానానికీ పని లేదన్నది పాక్షికమైన జవాబు. 2025 అక్టోబరులో ఢిల్లీపై జరిపిన ప్రయత్నం తేమ చాలక వాన లేకుండానే ముగిసింది.

లెక్క తెగకపోవడానికి కారణాలు

పక్షాలు ఎన్నున్నా వివాదం అంతా రెండవ ప్రశ్న దగ్గరే ఆగుతున్నది. చల్లకపోతే ఆ మేఘం ఎంత కురిసేదో తెలుసుకునే ఉపాయం లేదు. ఒకే మేఘాన్ని రెండు సార్లు కురిపించలేము. కాబట్టి చల్లిన మేఘాల గుంపును చల్లకుండా విడిచిన గుంపుతో పోల్చాలి. ఒక్కో మేఘం ఇచ్చే వాన ఎంత అస్తవ్యస్తంగా ఉంటుందంటే, ఆ హెచ్చుతగ్గులు సగటుతో సమానంగా ఉన్నాయని తక్కువగానే అనుకున్నా, 15 శాతం పెరుగుదలను మామూలు గణాంక ప్రమాణాలతో పట్టుకోవడానికి ఒక్కో గుంపులో సుమారు 700 మేఘాలు కావాలి. సోలాపూర్ బృందం రాడారు సహాయంతో, ముందే ఒకే తీరు మేఘాలను ఎంచుకోవడంతో ఈ అవసరాన్ని తగ్గించుకోగలిగింది. అయినా 276 మేఘాల ఫలితాన్ని మరొక చోట మరొక బృందం తిరిగి సాధించే వరకు తుదిమాటగా తీసుకోకూడదు.

ప్రభుత్వ కార్యక్రమాల లెక్కల్లో ఇంకొక లోపం ఉంది. కరువు ముదిరాక విమానం వస్తుంది, టెండరు ముగిసి ఎగిరేసరికి ఆగస్టు చివర అవుతుంది, ఆపైన ఈ సీమ సహజంగానే తడిసే సెప్టెంబరు వస్తుంది. తర్కశాస్త్రం కాకతాళీయమని పిలిచే దోషం ఇదే. 2017లో వర్షధారి విమానాలు ఆగస్టు రెండవ పక్షంలో ఎగరడం మొదలైంది. ఆ సంవత్సరం బెంగళూరులో వార్షిక వర్షం 1,600 మిల్లీమీటర్లు దాటింది గాని, నగరాన్ని ముంచిన ఆగస్టు 15 నాటి కుండపోత విమానం ఎగరకముందే పడింది. అటువంటి ఏడాదిలో ఏ వాన విమానానిది, ఏ వాన రుతుపవనానిది అని విడదీయడానికి చీటీ వేసిన పోలిక తప్ప వేరే దారి లేదు.

కొలిచే పరికరాల మాటకు వస్తే బళ్లారి ఒక ఖాళీలో పడింది. హైదరాబాద్ డాప్లర్ రాడారు ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్లు, గోవా రాడారు అంతకంటె దూరం. భూమి వంపు వల్ల 300 కిలోమీటర్ల దూరానికి వచ్చేసరికి రాడారు కిరణం, నేలకు సమాంతరంగా పంపినా, 5 కిలోమీటర్లకు పైన పోతుంది. అంటే మథనానికి గురిచేసే వెచ్చని మేఘం మొత్తం ఆ కిరణానికి కిందనే పుట్టి, కిందనే కురిసి ముగుస్తుంది. వర్షమాపకాల సంగతి సరేసరి: దూరదూరంగా ఉన్న మాపకాల మధ్య, రెండు మూడు కిలోమీటర్ల వెడల్పున్న ఒక మేఘపు చారిక దేనికీ దొరకకుండా జారిపోతుంది.

ఖర్చు

సోలాపూర్ ఫలితాన్ని పూర్తిగా ఒప్పుకుని మూడవ ప్రశ్నకు వెళ్లవచ్చు. 100 చదరపు కిలోమీటర్లలో అదనంగా వచ్చిన నీరు 86.7 కోట్ల లీటర్లు, అంటే 8.67 మిల్లీమీటర్ల వాన. అందుకు లీటరుకు 18 పైసలు ఖర్చయినట్లు శాస్త్రజ్ఞులే చెప్పారు, స్వదేశీ విమానమైతే అది సగానికి పైగా తగ్గవచ్చునన్నారు. లీటరుకు 18 పైసలంటే చవకగా వినిపిస్తుంది. ఎకరాకు 8.67 మిల్లీమీటర్ల వాన దాదాపు 35,000 లీటర్లు. ఖర్చు దాదాపు 6,300 రూపాయలు, సగానికి తగ్గినా 3,000 పైమాటే. వేరుశనగ ఊడలు దిగే దశలో ఈ 8.67 మిల్లీమీటర్లు సరిగ్గా పడితే విలువ కట్టలేనిది, నిజమే. అయితే వాన పడే రోజునూ, పడే చేనునూ మథనం ఎంచుకోలేదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతున నిలువు గోడలతో తవ్విన పంటకుంట ఒక్క పెద్ద వానకు నిండితే 3 లక్షల లీటర్లు పడుతుంది. ఆవిరికీ ఇంకుడుకూ సగం పోయినా ఎకరాకు 37 మిల్లీమీటర్ల రక్షక తడి మిగులుతుంది, ఆ తడి ఏ రోజున ఇవ్వాలో రైతే నిర్ణయించుకుంటాడు. ఒక్క వానాకాలంలో వచ్చిపోయే విమానంతో ఏళ్ల తరబడి ఉండే కుంటను పోల్చినప్పుడు అర్థశాస్త్రపు తక్కెడ ఎటు మొగ్గుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకా తేలనివి

ఒక చోట కురిపిస్తే గాలివాలున ఉన్న మరొక చోట వాన తగ్గుతుందా అన్నది సరిహద్దు జిల్లాల్లో రాజకీయంగా మారగల ప్రశ్న. పడమటి గాలిలో బళ్లారి మీద చల్లితే గాలివాలు గుంతకల్లు, ఉరవకొండల వైపు. మేఘం దాటించుకుపోయే ఆవిరిలో వానగా దిగేది కొద్ది భాగమే కాబట్టి దొంగతనమన్న ఆరోపణకు భౌతిక ఆధారం బలహీనం. అయితే కొలిచి తేల్చినవారు ఈ సీమలో లేరు. నదీజలాల తగాదాలకు 1956 నాటి చట్టమూ ట్రిబ్యునళ్లూ ఉన్నాయి, మేఘాలకు అటువంటి ఏర్పాటు లేదు. సిల్వర్ అయొడైడు విషమన్న భయం మాత్రం వాడే పరిమాణాన్ని బట్టి చూస్తే అతిశయమే.

వాతావరణ మార్పు ఈ లెక్కను ఇంకా చిక్కుపరుస్తుంది. గాలి వేడెక్కిన కొద్దీ డిగ్రీకి సుమారు 7 శాతం చొప్పున అది మోయగల ఆవిరి పెరుగుతుంది, సున్నా డిగ్రీల మట్టం పైకి జరుగుతుంది, దానితో వెచ్చని మేఘం లోతు పెరుగుతుంది. సోలాపూర్‌లో 2018లో దొరికిన జవాబు 2040 నాటికి కూడా చెల్లుతుందా అన్నది తెరిచి ఉన్న ప్రశ్న.

పరిశోధక విద్యార్థుల వంతు

తెలుగు విశ్వవిద్యాలయాలకు ఈ శాస్త్రం కొత్త కాదు. తరువాత ఉష్ణమండల వాతావరణ అంచనాల్లో ప్రపంచ ప్రసిద్ధుడైన టి.ఎన్. కృష్ణమూర్తి 1953లో ఎం.ఎస్సీ. పట్టా పొందింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. తిరుపతి దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడారు 1990లనుంచి గాలి నిలువుగా కదిలే వేగాన్ని కొలుస్తున్నది. అక్కడి చినుకుల కొలతలు చూపిన ఒక సంగతి ఈ వాదానికి సూటిగా పనికివస్తుంది: ఒకే ఊళ్లో ఒకే తీవ్రతతో పడిన వానలోనైనా నైరుతి కాలంలో పెద్ద చినుకులు ఎక్కువగా, ఈశాన్య కాలంలో చిన్న చినుకులు ఎక్కువగా ఉంటాయి. అంటే మేఘం లోపలి వ్యవహారం రెండు ఋతువుల్లో రెండు రకాలు. జూలైకి పనికివచ్చిన మథనం అక్టోబరుకు పనికిరాకపోవచ్చు.

ఇటువంటి కొలత బళ్లారి, అనంతపురాల్లోనూ జరగాలి. బళ్లారి దుమ్ములోని మేఘబీజాల వార్షిక లెక్క, హగరి వంటి పాత కేంద్రాల దినవారీ వర్ష నమోదులను గత కార్యక్రమాల తేదీలతో కలిపి మళ్లీ చూడడం, సీమ మేఘాల మందం ఏ నెలలో ఒక కిలోమీటరు దాటుతుందో ఉపగ్రహ చిత్రాల నుంచి తీయడం, ఇవి ఒక్కొక్కటీ ఒక్కో పీహెచ్‌డీకి సరిపోయే పనులు. వీటికి విమానం అక్కరలేదు. అసలు ప్రయోగానికి మాత్రం ఒక్క విద్యార్థి కాలం చాలదు. బారామతికి పదకొండు ఋతువులు పట్టాయి, పీహెచ్‌డీ ఫెలోషిప్పు గడువు అయిదేళ్లు. ఒకరు నిలిపిన పరికరాన్ని మరొకరు అందుకుని నడిపే ఏర్పాటు ఉన్న సంస్థే దీనిని తలకెత్తుకోగలదు, అనంతపురంలోనూ బళ్లారిలోనూ ఉన్న విశ్వవిద్యాలయాలు కలిసి చేస్తే సరిహద్దు గొడవ కూడా ఉండదు.

ఇప్పటి సాక్ష్యం మేరకు తీర్పు ఇలా ఉంటుంది. తగిన మేఘం దొరికితే వర్షచ్ఛాయలో కొంత వానను పెంచడం సాధ్యమే. దానితో కరువు తీరదు. రాష్ట్రాలు ఇంతవరకు పెట్టిన ఖర్చు ఫలించిందనీ చెప్పలేము, వృథా అయిందనీ చెప్పలేము, ఎందుకంటే తెలుసుకునే విధంగా ఆ పని చేయలేదు. ఇకముందు ఏ ప్రభుత్వమైనా మేఘమథనానికి టెండరు పిలిస్తే, బళ్లారి–అనంతపురం మీద ఒక రాడారును, చీటీ వేసి మేఘాన్ని ఎంచే నిబంధనను, ప్రతి ఎగురుడు నమోదును విశ్వవిద్యాలయాలకు అప్పగించే షరతును ఆ టెండరులోనే చేర్చాలి. అది కుదరనప్పుడు ఆ డబ్బును పంటకుంటలకు మళ్లించడం మేలు.